వియ్యపురాలి మాత్రలు

2024 జులైలో జేడీ వాన్స్‌ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా ట్రంప్ ప్రకటించిన సాయంత్రం మా ఒహాయో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒక్క క్షణం ఊరుకోలేదు. "మన అల్లుడు" అని ఒకరు, "ఆంధ్రా అల్లుడు" అని ఇంకొకరు. వాన్స్ భార్య ఉష చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరిలోని వడ్లూరా, కృష్ణా జిల్లాలోని సాయిపురమా అని అర్ధరాత్రి దాకా పంచాయితీ. నాలుగు నెలల తర్వాత ఆయన గెలిస్తే వడ్లూరులో జనం సంబరాలు చేసుకున్న వీడియోలు కూడా ఆ గ్రూపులోనే చూశాను.

అల్లుడన్నాక వరస కలుపుకుంటూ పోవాలి కదా. అల్లుడి తల్లి మనకి వియ్యపురాలవుతుంది. ఆ లెక్క మాత్రం గ్రూపులో ఎవరూ కట్టలేదు. ఆవిడ పేరు బెవర్లీ. ఒహాయోలోని మిడిల్‌టౌన్‌లో నర్సుగా పనిచేసేది. నొప్పి మాత్రలకి అలవాటుపడి, ఆ తర్వాత హెరాయిన్ దాకా వెళ్లి, ఏళ్ల తరబడి ఇల్లంతా అల్లకల్లోలం చేసి, చివరికి బయటపడింది. ఇదంతా కొడుకే రాసుకున్నాడు, సభల్లో చెప్పాడు. మత్తు మానేసి పదేళ్లు నిండిన సందర్భాన్ని 2025 ఏప్రిల్‌లో వైట్‌హౌస్‌లోనే జరిపాడు. ఆ ఫొటో చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఈ వ్యాసంలో ఆయన్ని చాలా మాటలనబోతున్నాను కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

నేను తెనాలి పిల్లని. గుంటూరులో బీఫార్మసీ చదివి, 2004లో పెళ్లయి ఇక్కడికొచ్చి, పరీక్షలన్నీ మళ్లీ రాసి, 2008 నుంచి ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా ఉన్నాను. మిడిల్‌టౌన్, డేటన్ మా షాపుకి అటూ ఇటూ ఉంటాయి. వాన్స్ ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నాడో ఆ జబ్బు మనుషులు పదిహేడేళ్లుగా నా కౌంటర్ ముందు నిలబడుతున్నారు.

మొన్న గుళ్లో ప్రసాదం లైన్లో, కూతురి దగ్గరికి వచ్చిన ఒక గుంటూరు పెద్దాయన అడిగారు. "ఏమ్మా, నువ్వు మందుల షాపులోనే కదా పనిచేసేది. ఆ ఫెంటానిలో ఏదో మెక్సికో నుంచి వచ్చేవాళ్లు తెస్తారటగా. గోడ కట్టి పడేస్తే ఒదిలిపోదూ? మన అల్లుడు చెప్పేది అదేగా?"

"అంత తేలిక కాదు బాబాయిగారూ" అన్నాను. చేతిలో పులిహోర ప్లేటు, వెనక లైను. అంతకన్నా ఏం చెప్పగలను. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాన్స్ ఏమన్నాడో చూద్దాం. 2022 ఏప్రిల్‌లో, ఒహాయో నుంచి సెనేట్‌కి పోటీ చేస్తున్నప్పుడు ఒక టీవీ ప్రకటన చేశాడు. కెమెరాలోకి సూటిగా చూస్తూ "మీరు రేసిస్టులా?" అని మొదలుపెడతాడు. గోడ కావాలన్నందుకు మీడియా మనల్ని అలా అంటోంది అంటాడు. బైడెన్ తెరిచిపెట్టిన సరిహద్దు ఒహాయో వాళ్లని చంపుతోందంటాడు. చివర్లో గొంతు తగ్గించి, ఇది తన సొంత విషయమని, మన సరిహద్దు దాటి వస్తున్న విషం వల్ల తల్లిని దాదాపు పోగొట్టుకున్నానని చెబుతాడు.

ఆ ప్రకటన మొదటిసారి చూసినప్పుడు షాపు వెనక గదిలో భోజనం చేస్తున్నాను. స్పూను ఆగిపోయింది. సరిహద్దు దాటి వచ్చిన విషమా? అసలు ఆవిడ వ్యసనం ఎక్కడ మొదలైంది? ఆసుపత్రిలో. ఒక అమెరికన్ కంపెనీ తయారుచేసి, ఒక అమెరికన్ ప్రభుత్వ సంస్థ అనుమతించి, అమెరికన్ డాక్టర్లు రాసిన నొప్పి మాత్రలతో. ఆ మాత్రలు మెక్సికో ఎడారి దాటి రాలేదు. నాలాంటివాళ్లు నిలబడే కౌంటర్ దాటి వచ్చాయి.

మా పని చూసినవాళ్లకి తెలుస్తుంది. ఒక నీలం ట్రే, ఒక చిన్న పలక. మాత్రల్ని ఐదేసి చొప్పున లెక్కపెట్టి పక్కకి నెడతాం. ఈ రకం నొప్పి మాత్రలైతే తాళం వేసిన అలమారలోంచి తియ్యాలి, రెండుసార్లు లెక్కపెట్టాలి, మిగిలినవి ఎన్నో రాసుకోవాలి. 2008లో చేరినప్పుడు ఆ అలమార తాళం తీసీ తీసీ తాళంచెవి మెడలోనే వేసుకునేదాన్ని.

అప్పట్లో ఒకతను వచ్చేవాడు. ఇళ్ల కప్పులు వేసే పని. ముప్ఫై కూడా ఉండవేమో. నిచ్చెన జారి నడుం మీద పడ్డాడు. ఆక్సీకాంటిన్ 80 మిల్లీగ్రాములు, ఆకుపచ్చ మాత్రలు, నెలకి అరవై. మంచివాడు, నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్న అతి కొద్దిమందిలో ఒకడు. మొదట్లో నెలకోసారి. తర్వాత నాలుగు రోజులు ముందే. ఆ తర్వాత ఇంకో డాక్టర్ చీటీతో. కింద సంతకం ఉంది, ఇన్సూరెన్స్ ఒప్పుకుంది, నేను ఇచ్చాను. ఎవరు ఏ షాపులో ఎన్ని మాత్రలు కొన్నారో చూపించే కంప్యూటర్ వ్యవస్థ ఒహాయోలో 2006 నుంచే ఉంది. ఒక నిమిషం పని. లైను పెరిగిపోతోందనో, అడిగితే గొడవవుతుందనో, ఇమిగ్రెంటుని నాకెందుకనో, చాలాసార్లు చూడలేదు. ఈ మాట ఇంతవరకు మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2010 ఆగస్టులో ఆ మాత్ర మారింది. పొడి చేసి పీల్చడానికి వీల్లేకుండా కొత్తరకంగా తయారుచేశారు. మాత్ర మీద ఓసీ అనే అక్షరాలు పోయి ఓపీ అని వచ్చింది. ఆ వారం నా కౌంటర్ దగ్గర ఎంతమంది "పాతవి లేవా?" అని అడిగారో చెప్పలేను. నడుం నొప్పికి మాత్ర వేసుకునేవాడికి అక్షరాలతో పనేముంది? అప్పటికి గాని నాకు బుర్రకెక్కలేదు. ఆ కప్పుల పనతను కూడా అడిగాడు. లేవన్నాను. ఇంకో రెండు నెలలు వచ్చి మానేశాడు. బయట అంతకన్నా చవగ్గా హెరాయిన్ దొరుకుతోంది.

ఇక్కడ వాన్స్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇస్తాను. ఆ హెరాయిన్ మెక్సికో నుంచి వచ్చిందే. ఆయన తల్లి కూడా అక్కడిదాకా వెళ్లింది. కాబట్టి ఆ ప్రకటనలోని మాట పూర్తి అబద్ధం కాదు. కథని సగంలో మొదలుపెట్టడం, అంతే. ముందు సగంలో ఉన్నవాళ్ల పేర్లు ఆ ముప్ఫై సెకన్లలో ఎక్కడా వినపడవు.

ఆ ముందు సగం ఇది. 1995 చివర్లో ఎఫ్‌డీఏ ఆక్సీకాంటిన్‌కి అనుమతిచ్చింది. 1996లో పర్డ్యూ ఫార్మా దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. వ్యసనపరులయ్యేది నూటికి ఒక్కరికన్నా తక్కువేనని రిప్రజెంటేటివ్‌లు డాక్టర్లకి చెప్పుకుంటూ తిరిగారు. 2007లో ఆ కంపెనీ, ముగ్గురు పెద్ద అధికారులు తప్పు ఒప్పుకున్నారు. మొత్తం 63 కోట్ల డాలర్లకి పైగా కట్టారు, ఒక్కరూ జైలుకి వెళ్లలేదు. మా రాష్ట్రం దక్షిణపు కొసన, ఒహాయో నది ఒడ్డున పోర్ట్స్‌మత్ అని ఊరుంది. అది ఉన్న సయోటో కౌంటీలో మొత్తం జనం ఎనభై వేలలోపే. 2010లో ఆ ఒక్క కౌంటీలో పంచిన నొప్పి మాత్రలు సుమారు 97 లక్షలు. చంటిపిల్లలతో సహా లెక్కేసినా తలకి 120 పైనే. డబ్బు తీసుకుని చీటీలు రాసిచ్చే క్లినిక్కుల మీద ఒహాయో 2011లో చట్టం చేసింది. ఆ క్లినిక్కులు మూతపడ్డాయి, అలవాటు మాత్రం మూతపడలేదు.

ఇక ఫెంటానిల్ అనే కృత్రిమ నొప్పిమందు సంగతి. వాన్స్ వాదనలో నాకు గట్టిగా తగిలే భాగం ఇదే. 2024 అక్టోబరులో డెమొక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్‌తో జరిగిన డిబేట్‌లో ఆయన రెండో అవకాశం గురించి మాట్లాడాడు. వ్యసనంలో పడ్డవాళ్లు కోలుకునే అవకాశాన్ని ఫెంటానిల్ లాగేసుకుంటోందన్నది ఆయన బాధ. ఇందులో రాజకీయం తీసేస్తే మిగిలేది నిజం. మా వియ్యపురాలు ఎన్నిసార్లు జారిందో అన్నిసార్లు లేచింది, ఎందుకంటే ఆ రోజుల్లో జారినా ప్రాణం ఉండేది. ఫెంటానిల్ హెరాయిన్ కన్నా యాభై రెట్లు ఘాటు. రెండు మిల్లీగ్రాములు చాలు, అంటే పది పదిహేను ఉప్పు గింజలు. ఆవిడ ఇరవై ఏళ్లు ఆలస్యంగా వ్యసనంలో పడి ఉంటే ఆ వైట్‌హౌస్ ఫొటో ఉండేది కాదు. సరుకు రాకుండా ఆపాలనే మాటని నేను కొట్టిపారెయ్యను.

అయితే ఎక్కడ ఆపాలి?

2019 జనవరిలో ఆరిజోనాలోని నొగాలెస్ చెక్‌పోస్టుకి ఒక లారీ వచ్చింది. నిండా కీరదోసకాయలు. స్కాన్ చేస్తే ట్రైలర్ నేలలో తేడా కనిపించింది. కుక్కని తెచ్చారు, నేల తెరిచారు. 254 పౌండ్ల ఫెంటానిల్, అంటే సుమారు 115 కిలోలు. దాంతోపాటు మెత్ అనే ఇంకో మత్తుమందు, ఇంకా ఎక్కువ. అప్పటికి అమెరికా పట్టుకున్న అతిపెద్ద ఫెంటానిల్ సరుకు అదే. గోడ దూకి రాలేదు. పక్కాగా కాగితాలు పట్టుకుని, లైన్లో నిలబడి వచ్చింది.

వ్యాపారం చేసేవాడి బుర్రతో ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. సూట్‌కేసులో పట్టేంత సరుకు కోట్లు పలుకుతుంటే, దాన్ని ఎడారిలో నీళ్లు లేక సొమ్మసిల్లి, ఏ నిమిషాన పోలీసులకి దొరుకుతాడో తెలియని మనిషి వీపున ఎవడు కడతాడు? రోజూ వేలకొద్దీ వాహనాలు దాటే గేటులోంచి, అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవాడి కారు డోరులో పెట్టి పంపుతాడు. దక్షిణ సరిహద్దులో పట్టుబడే ఫెంటానిల్‌లో అత్యధిక భాగం దొరికేది అధికారిక గేట్ల దగ్గరే, కార్లలో, లారీల్లో. ఫెంటానిల్ రవాణా కేసుల్లో ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడినవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా అమెరికా పౌరులే. "పట్టుబడింది గేట్ల దగ్గర సరే, పట్టుబడనిది ఎడారిలోంచి వస్తోందేమో" అని ఎదురడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే.

దానికి నా జవాబు 2020. కోవిడ్ పేరుతో ఆ మార్చి నుంచి సరిహద్దు దాదాపు మూసేశారు, వచ్చినవాళ్లని వచ్చినట్టే వెనక్కి పంపారు. ఇంతకన్నా గట్టిగా బిగించిన ఏడాది అంతకుముందు లేదు. ఆ ఏడాది డ్రగ్స్ ఓవర్‌డోస్ చావులు 70 వేల నుంచి 92 వేలకి దగ్గరగా ఎగబాకాయి. ఇప్పుడు తిరగేసి చూడండి. వలస వచ్చేవాళ్ల సంఖ్య ఆకాశాన్నంటింది 2023 డిసెంబరులో. చావులు తగ్గడం మొదలైంది అంతకు కొన్ని నెలల ముందు. 2022లో లక్షా ఎనిమిది వేలకి దగ్గరగా ఉన్న చావులు 2024లో 80 వేలకి దిగాయి. మనుషులు మోసుకొస్తున్నారన్నది నిజమైతే ఈ రెండు గీతలు కలిసి లేచి కలిసి దిగాలి. ఆ రెండుసార్లూ అవి ఒకదానికొకటి వీపు తిప్పి నడిచాయి.

ఎందుకు తగ్గాయన్నదానికి ఒక్క కారణం చెప్పేవాళ్లని నేను నమ్మను. ఓవర్‌డోస్‌తో పడిపోయినవాణ్ని లేపే, నార్కాన్ అనే ముక్కులో కొట్టే స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. చికిత్స కొంచెం సులువైంది. సరుకు ఘాటూ తగ్గింది. నకిలీ మాత్రల్లో ప్రాణాంతక మోతాదు ఉన్నవి 2023లో పదింట ఏడైతే 2024లో పదింట ఐదని అమెరికా మత్తుమందుల నిరోధక సంస్థ డీఈఏ పరీక్షల్లో తేలింది. చైనా నుంచి మెక్సికోకి వెళ్లే ముడిసరుకు మీద ఒత్తిడి పనిచేసి ఉండొచ్చు. అంటే సరఫరా మీద దెబ్బకొట్టడం దండగని కాదు నేననేది. ఆ దెబ్బ కాలినడకన వచ్చేవాడి వీపు మీద కొడితే ఫెంటానిల్‌కి తగలదు.

గేటు దగ్గర తగలాలంటే ఎక్స్‌రే యంత్రాలు కావాలి, వాటిని చూసే మనుషులు కావాలి. నిన్నమొన్నటిదాకా సరిహద్దు దాటే కార్లలో స్కాన్ చేసేవి నూటికి చాలా కొద్ది. 2024 ఫిబ్రవరిలో రెండు పార్టీలవాళ్లు కూర్చుని రాసిన సరిహద్దు బిల్లు సెనేట్‌కి వచ్చింది. ఆ యంత్రాలకి డబ్బు అందులో ఉంది. వాన్స్ దానికి అడ్డంగా ఓటేశాడు. అందులో ఉక్రెయిన్ సాయం కలిపారన్నది, ఆ బిల్లు వలసల్ని ఆపదన్నది ఆయన పక్షంవాళ్ల వాదన. కావచ్చు. కానీ తల్లిని పోగొట్టుకునేంత పనైందన్నవాడు ఆ యంత్రాల కోసమైనా కొంచెం సేపు తటపటాయించాడా?

ఆ తర్వాత సంగతులు ఇంకా చిత్రం. 2025లో కెనడా మీద ఫెంటానిల్ పేరుతో సుంకాలు వేశారు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో కెనడా సరిహద్దులో దొరికింది 43 పౌండ్లు, మెక్సికో సరిహద్దులో 21 వేల పౌండ్లకి పైగా. ఆ సెప్టెంబరులో, డ్రగ్స్ తెస్తున్నాయంటూ కరీబియన్ సముద్రంలో పడవల్ని పేల్చడం మొదలుపెట్టారు. మన పౌరులకి విషం పెట్టే ముఠావాళ్లని చంపడమే సైన్యానికి అత్యుత్తమ వినియోగమని వాన్స్ రాశాడు. కరీబియన్ మీదుగా వచ్చేది ఎక్కువగా కొకైన్. ఒహాయోలో మనుషుల్ని చంపుతున్న ఫెంటానిల్ ఆ దారిలో రాదు.

ఇక మన సంగతి. ఈ సరుకు ఎక్కడ మొదలవుతుంది? మెక్సికో ముఠాలు వండుతాయి, ముడిసరుకు వాళ్లది కాదు. చాలావరకు చైనా. 2025 మార్చిలో వచ్చిన అమెరికా నిఘా సంస్థల నివేదికలో చైనా పక్కన ఇండియా పేరు కూడా ఉంది. ఆ నెలలోనే హైదరాబాద్‌కి చెందిన ఒక ఫార్మా రసాయనాల కంపెనీ మీదా, అందులోని కొందరు అధికారుల మీదా వాషింగ్టన్ ఫెడరల్ కోర్టులో కేసు పెట్టారు. ఫెంటానిల్ తయారీకి వాడే రసాయనాన్ని తెలిసీ అమ్మారన్నది ఆరోపణ, నేరం రుజువయ్యేదాకా అది ఆరోపణే. సెప్టెంబరులో కొందరు భారతీయ వ్యాపారవేత్తల వీసాలూ ఇదే కారణంతో రద్దుచేశారు. నా బీఫార్మసీ బ్యాచ్‌లో సగంమంది జీడిమెట్ల, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో స్థిరపడ్డారు. డ్రమ్ము మీద లేబుల్ ఏమిటో, ఎవరికి వెళ్తోందో అడక్కూడదన్న సంస్కృతి వాళ్లకి తెలుసు. నాకూ తెలుసు, నా కౌంటర్ దగ్గర నేను చేసింది అదే కదా. "మన అల్లుడు" అని మురిసిన గ్రూపులో ఈ వార్త ఒకరు పెడితే ఒక్క రిప్లై రాలేదు. కాసేపటికి ఎవరో బతుకమ్మ పోస్టరు పెట్టారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిడిల్‌టౌన్‌నే తీసుకోండి. 2017లో ఆ ఊళ్లో ఓవర్‌డోస్‌లు ఎంత పెరిగాయంటే, ఒకే మనిషికి రెండుసార్లు అంబులెన్స్ పంపాక మూడోసారి పంపొద్దని ఒక కౌన్సిల్ సభ్యుడు ప్రతిపాదించాడు. ఆ ఊరున్న బట్లర్ కౌంటీ షెరిఫ్, తన మనుషులు నార్కాన్ పట్టుకు తిరగరని చెప్పేశాడు. వాళ్లని రాక్షసులనుకోనక్కర్లేదు. విసిగిపోయారు. పొద్దున లేపినవాడే సాయంత్రం మళ్లీ పడిపోతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. మా వియ్యపురాలి ఊళ్లో మాట అది. ఆవిడకే ఆ లెక్క వర్తింపజేసి ఉంటే ఎన్నోసారికి ఆగిపోయేదో.

పక్కనే డేటన్. అక్కడ 2017 ఇంకా ఘోరం, మాంట్‌గోమరీ కౌంటీలో ఆ ఒక్క ఏడాది ఓవర్‌డోస్‌తో 560 మందికి పైగా పోయారు. మరుసటి ఏడాది ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. దేశంలో పత్రికలన్నీ వచ్చి చూసిపోయాయి. కార్ఫెంటానిల్ అనే ఇంకా భయంకరమైన సరుకు వీధుల్లోంచి తగ్గడం ఒక కారణం. పోలీసులతో సహా అందరికీ నార్కాన్ పంచారు. కోలుకున్నవాళ్లనే మాట్లాడ్డానికి పంపారు. అన్నిటికీ మించి, అప్పటి మేయర్ నాన్ వేలీ పదేపదే చెప్పింది మెడికెయిడ్ గురించి. మెడికెయిడ్ అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సు. దాన్ని మరింతమందికి విస్తరించింది ఏ డెమొక్రాటో కాదు, జాన్ కేసిక్ అనే రిపబ్లికన్ గవర్నర్, సొంత పార్టీ శాసనసభని పక్కకి తప్పించి మరీ. దాంతో మత్తుకి బానిసైనవాడు "డబ్బుల్లేవు" అనాల్సిన అవసరం లేకుండా చికిత్సకి వెళ్లగలిగాడు.

సరుకు ఆపేసి మనిషిని వదిలేస్తే ఏమవుతుందో మనకీ తెలుసు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు చేశారు. అల్ప్రాజోలం, డయజిపాం కలిపిన ఆ కల్లుకి ఏళ్లుగా అలవాటుపడ్డ కూలీలు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకి ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో వచ్చిపడ్డారు. దాడులు తప్పు కాదు. మర్నాడు వాళ్లు ఎక్కడికెళ్లాలో ఎవరూ ఆలోచించకపోవడం తప్పు.

వాన్స్‌కి ఇది తెలియదా? బాగా తెలుసు. 2016లో ఆయనే ఒక పత్రికలో ట్రంప్‌ని "సాంస్కృతిక హెరాయిన్" అన్నాడు. నొప్పి కాసేపు తగ్గుతుందిగాని జబ్బు అలాగే ఉంటుందని. ఆ తర్వాత ఒహాయోలో ఈ సమస్య మీద పనిచేస్తానని అవర్ ఒహాయో రెన్యూవల్ అనే సంస్థ పెట్టాడు. చెప్పుకోదగ్గ పనేమీ జరక్కుండానే అది మూతపడింది.

2025 జులై 1న సెనేట్‌లో ఒక పెద్ద బిల్లు 50–50 దగ్గర ఆగింది. ఉపాధ్యక్షుడిగా వాన్స్ ఓటుతో గట్టెక్కింది. గోడకి 4,650 కోట్ల డాలర్లు. స్కానర్లలాంటి యంత్రాలకీ డబ్బు ఉంది, గోడతో పోలిస్తే చాలా చిన్న వాటా. ఇంకోపక్క మెడికెయిడ్ నుంచి పదేళ్లలో లక్ష కోట్ల డాలర్లకి దగ్గరగా కోత. మత్తు వ్యసనం ఉన్నవాళ్లకి పని నిబంధన నుంచి మినహాయింపు పెట్టారు, అది ఒప్పుకోవాలి. కాకపోతే ఆ మినహాయింపు కాగితాల మీద రుజువు చేసుకోవాలి, ఆరు నెలలకోసారి అర్హత మళ్లీ తేల్చుకోవాలి. అమెరికాలో నల్లమందు జాతి మత్తుకి చిక్కుకున్న పెద్దవాళ్లలో పదిమందికి సుమారు నలుగురికి ఇన్సూరెన్స్ ఇదే. ఆ ఓటుకి ముందు వాన్స్ ఏమని రాశాడంటే, వలస చట్టాల అమలుకి, ఆ పని చూసే ఐస్ (ICE) అనే ప్రభుత్వ విభాగానికి వచ్చే డబ్బు ముందు మిగతావేవీ లెక్కలోకి రావని. ఆ మిగతావాటిలో ఒకటి "మెడికెయిడ్ విధానంలోని చిన్నాచితకా వివరాలు."

చిన్నాచితకా వివరాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. 2023 శరదృతువులో, కోవిడ్ నాటి వెసులుబాటు అయిపోయి మెడికెయిడ్‌లో ఎవరు ఉండాలో ఎవరు పోవాలో మళ్లీ తేలుస్తున్నప్పుడు, ఒకతను సుబాక్సోన్ కోసం వచ్చాడు. నాలుక కింద పెట్టుకునే ఫిల్ములు. హెరాయిన్ మీదికి మనసు పోకుండా కాపాడేవి. ఏడాదిన్నరగా ప్రతినెలా వస్తున్నాడు, ఒక్కరోజు తప్పలేదు. గోదాములో రాత్రి షిఫ్టు పని. కార్డు కొడితే స్క్రీన్ మీద 65 అని వచ్చింది. ఆ అంకె మాకు నిద్రలో కూడా తెలుసు, "ఈ మనిషికి ఇన్సూరెన్స్ లేదు" అని. మళ్లీ కొట్టాను. మళ్లీ 65. ఇల్లు మారాడట. రెన్యువల్ ఉత్తరం పాత ఇంటికి వెళ్లింది.

ఫోన్ చేసి చూశాను. నలభై నిమిషాలు పాట వినిపించారు. ఈలోగా డ్రైవ్‌త్రూ దగ్గర హారన్లు.

"క్యాష్‌కి ఎంత అవుతుంది?" అన్నాడు. చెప్పాను. కూపన్ కార్డు పెట్టి కొంత తగ్గించాను. పర్సు తీసి నోట్లు లెక్కపెట్టుకున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు, నేను మాత్రలు లెక్కపెట్టినట్టు.

"నాలుగు ఇవ్వండి చాలు. శుక్రవారం జీతం వస్తుంది."

నాలుగు ఇచ్చాను. మిగిలిన యాభై రెండూ కవర్లో పెట్టి, ఆయన పేరు రాసి, తాళం అలమారలో ఉంచాను. శుక్రవారం నా డ్యూటీ కాదు, అయినా ఫోన్ చేసి అడిగాను. పది రోజులయ్యాక రూలు ప్రకారం కవర్ చింపి, వాటిని తిరిగి స్టాకులో కలిపేశాను.